ఇంటికొక మనిషి

ఒక మాట ముందే చెప్పేస్తాను. నాకు కుళ్ళు ఎక్కువ. పక్కింటివాళ్ళు కొత్త మిక్సీ కొంటే నాకు మూడు రోజులు అన్నం సయించదు. ఎదురింటి కోడలి జడ చూసి కూడా ఏడ్చిన రోజులున్నాయి. కాబట్టి ఈ యాత్ర కూడా కుళ్ళుతోనే మొదలైందంటే నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. నలుగురూ దేవుణ్ణి చూడ్డానికి, సముద్రం చూడ్డానికి ఊళ్ళు తిరుగుతారు. నేను మాత్రం కాంతం అబద్ధం చెబుతోందేమో చూసి రావాలని బయల్దేరాను.

నా పేరు సరోజ. కోవూరులో జాకెట్లు కుడతాను. ముప్ఫై ఏళ్ళ కిందట నెల్లూరులో ఆర్నెల్లు కుట్టుపని నేర్పితే వెళ్ళాను. కాంతం అక్కడే పరిచయం. పులికాటు సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు ఆమెది. శిక్షణ అయిపోయిన రోజు అందరికంటే బాగా కుట్టినవాళ్ళకి ఒక పెద్ద కత్తెర బహుమతిగా ఇచ్చారు. అది కాంతానికి వచ్చింది. నిజం చెప్పాలంటే నా కాజాలు ఆమె కాజాల కంటే బాగుండేవి. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

పోయిన నెల ఫోన్ చేసింది. "ఆదివారం మా ఊళ్ళో వంతుల చీటీలు వేస్తుండారు మేయ్. ఈసారి నాకూ ఒక చీటీ ఉండాది. వచ్చి చూడు" అంది.

ఆ ఊళ్ళో చేపలు పట్టే చోట్లు ఎవరి సొంతమూ కావు. సరస్సులో ఏ ఇంటివాళ్ళు ఏ రోజు ఎక్కడ వల కట్టాలో ఏడాదికొకసారి చీటీలు వేసి తేలుస్తారు. ఆ వరసే తిరుగుతూ ఉంటుంది. చీటీ మగవాడి పేరునే ఉంటుంది. మగవాడు పోతే వంతు అతని అన్నదమ్ములకి పోతుంది, భార్యకి వాళ్ళు పెట్టినంత. కాంతం మొగుడు పోయి ఆరేళ్ళయింది, కొడుకులు లేరు, ఉన్న ఒక్క కూతురికీ పెళ్ళయింది. అలాంటిది ఆమెకి చీటీ ఎలా వస్తుంది? నేను నమ్మలేదు. నమ్మలేదనేకంటే నమ్మడం ఇష్టం లేకపోయింది అనడం సరి.

ఎందుకు ఇష్టం లేదో కూడా చెప్పాలి. ఆ ఫోన్ వచ్చిన రోజు సాయంత్రమే మా తమ్ముడు వచ్చి ఒక టైపు చేసిన కాగితం నా చేతిలో పెట్టాడు. మా నాన్న పొలం రెండున్నర ఎకరాల్లో నా భాగం నాకు వద్దని, వాడికే వదిలేస్తున్నానని రాసిన హక్కు విడుదల పత్రం అది. మా వైపు ఆడపిల్లలందరూ పెట్టే సంతకమే. పెట్టిన రోజు తమ్ముడో అన్నో పసుపు కుంకుమ, చీర పెడతాడు, పుట్టింటి దారి తెరిచి ఉంటుంది. మా మరదలు స్వర్ణ కూడా పోయినేడు వాళ్ళ అన్నలకి పెట్టి వచ్చింది. "చదువుకో అక్కా, బుధవారం రిజిస్ట్రారు ఆఫీసుకి పోదాం" అన్నాడు తమ్ముడు. సరేనన్నాను. కాగితం మడిచి హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను. అదే బ్యాగుతో శుక్రవారం బస్సెక్కాను.

కృష్ణపట్నంలో మెడలో కార్డు

మొదటి మజిలీ కృష్ణపట్నం. మా ఆయన మేనకోడలు దివ్య అక్కడ పోర్టులో పని చేస్తుంది. ఎటూ దారిలోనిదే కదా అని ఒక రోజు ఉండి పోదామనుకున్నాను.

ముత్తుకూరు దగ్గర బస్సు మారాల్సి వచ్చింది. ఎదురుగా ఆగిన తెల్ల బస్సు ఖాళీగా, శుభ్రంగా కనపడితే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. లోపలివాళ్ళందరి ఒళ్ళోనూ ప్లాస్టిక్ టోపీలున్నాయి. కండక్టరు ఎంతకీ రాలేదు. టికెట్టు కలిసొచ్చిందని లోలోపల మురిసిపోతుంటే బస్సు పెద్ద గేటు ముందు ఆగింది, సెక్యూరిటీ ఆయన వచ్చి నా కార్డు అడిగాడు. అది ఉద్యోగుల బస్సట. దించేశారు. బస్సులోవాళ్ళు నవ్వలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. ఎండలో గేటు బయట నిలబడి దివ్యకి ఫోన్ చేశాను.

లోపల్నించి నీలం చొక్కా, ప్యాంటు, మెడలో కార్డు, చేతిలో టోపీతో వచ్చింది పిల్ల. అదే సెక్యూరిటీ ఆయన ఆమెని చూసి "నమస్తే మేడం" అన్నాడు. నన్ను దించినవాడే.

దివ్య పని ఏమిటో నాకు పూర్తిగా అర్థం కాలేదు. అద్దాల గదిలో కూర్చుని ఏ క్రేను ఎటు పోవాలో చెబుతుందట. "అంటే నువ్వు చెప్తే మగవాళ్ళు ఆ క్రేన్లు తిప్పుతారా?" అని అడిగాను. "నేను చెప్పకుండా తిప్పితే వాళ్ళకే మెమో అత్తా" అంది. నేను మా ఇంట్లో ఫ్యాను కిందికి మంచం జరపమని చెప్పి నెల రోజులైంది.

ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఒక ఇల్లు అద్దెకి తీసుకుంది. ఒకమ్మాయిది ఒడిశా, ఇంకొకమ్మాయిది బీహారు. వంట మనిషికి తలకి మూడున్నర వేలు. ఆ రాత్రి రొట్టెలు, పలచటి పప్పు, బంగాళదుంప కూర పెట్టారు. నెల్లూరు మనిషినై ఉండి పులుసు లేని భోజనం చేయడం అదే మొదటిసారి. దివ్యకి ఇప్పుడు రొట్టె లేకపోతే తోచదట. వాళ్ళ అమ్మ ఫోన్ చేసి ఎవరో సంబంధం అంటే, "ముందు ఆ అబ్బాయి ఇక్కడికొచ్చి ఉంటాడేమో అడుగు" అని పెట్టేసింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆ వయసులో నేను మా అత్తగారు నిద్ర లేచేలోపు ముంగిట్లో కల్లాపి చల్లి, ఆమె మొహం ఎలా ఉంటుందో అని వణుకుతూ ఉండేదాన్ని.

పొద్దున పనికి పోయేటప్పుడు అద్దంలో చూసుకుంటూ కార్డు మెడలో వేసుకుంది. నాకు ఆ కార్డు మీద మనసు పడింది. పక్కనున్న ఒడియా పిల్ల నవ్వి తన కార్డు తీసి నా మెడలో వేసి ఫోటో తీసింది. ఫోటోలో నా మొహం చూసుకున్నాను. వేరేవాళ్ళ నగ పెట్టుకుని పెళ్ళికి పోయిన మొహంలా ఉంది. తీసి ఇచ్చేశాను.

చిట్టమూరులో వ్యాను కోసం

శనివారం గూడూరు, కోట మీదుగా చిట్టమూరు చేరేసరికి పదకొండయింది. దారంతా వరి పండి ఉంది. కాకపోతే మధ్యమధ్య పొలం పోయి రొయ్యల గుంట వస్తుంది. ఒక కయ్యలో వరి, దాని పక్క కయ్యలో నీళ్ళు చిలుకుతూ తిరిగే చక్రాలు. వాటిని తవ్వినవాళ్ళ మేడలు రోడ్డు మీదికే కనపడ్డాయి. మా నాన్న పొలంలో రొయ్యలు పెంచి ఉంటే మాకూ మేడ ఉండేదని ఒక నిమిషం ఏడ్చాను. ఉన్నా అది తమ్ముడి మేడే అయ్యేదని తర్వాత తోచింది.

సెంటర్లో కాఫీ హోటల్లో కారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. కోవూరులో అయితే యాభై, పైగా కారం ఇంత ధారాళంగా పూయరు. టీ పది. బెంచీ మీద నా పక్కన ముగ్గురు ఆడవాళ్ళు టిఫిన్ క్యారియర్లతో కూర్చున్నారు. అందరిలోకి పెద్దామె రవణమ్మ. అరవై పైనే ఉంటాయి. ఎదురుగా పొలంలో కోత మిషను తిరుగుతోంది, వాళ్ళు దాన్ని సినిమా చూసినట్టు చూస్తున్నారు.

కోతకి పోలేదా అని అడిగాను. కోతకి మనుషుల్ని పిలిచి చాలా ఏళ్ళయిందంది రవణమ్మ. ఆమె చిన్నప్పుడు కోత అయిపోయిన పొద్దుకి రైతు కళ్ళంలోనే వడ్లు కొలిచి ఇచ్చేవాడట, కోతకత్తెల పెద్ద ఈమెగారేనట. ఆమె గట్టెక్కితేనే మిగతావాళ్ళు కొడవలి దించేవాళ్ళట. ఇప్పుడు రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతున్నారు. తలకి టోపీ, చేతులకి తొడుగులు, నెల జీతం.

"ఏది బాగుండాది?" అని అడిగాను.

"అప్పుడు వంగి కోసినాం, ఇప్పుడు నిలబడి ఒలుస్తుండాం. నడుముకి బాగుండాది, వేళ్ళకి బాగలేదు" అని చేతులు చాపి చూపించింది. వేళ్ళ కొసలు తెల్లగా నాని ఉన్నాయి.

మీకు పొలం ఉందా అన్నాను. ఉంటే గదా పేచీ అని నవ్వేసింది. మిగతా ఇద్దరూ నవ్వారు. వాళ్ళకి అన్నదమ్ముల దగ్గర సంతకాలు పెట్టే పనే లేదు. నా బ్యాగులో కాగితం ఉన్నదని నాకు ఎందుకో గట్టిగా గుర్తొచ్చింది.

ఇంతలో షెడ్డు వ్యాను వచ్చి హారన్ కొట్టింది. రవణమ్మ తాగుతున్న టీ ఆపలేదు. వ్యాను ఇంకోసారి కొట్టింది. "ఉండబ్బా, వస్తుండాం" అని కేకేసి, గ్లాసు ఖాళీ చేసి, చీర సర్దుకుని నిదానంగా వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. నా పుట్టుకలో నా కోసం ఎవరూ ఎక్కడా హారన్ కొట్టి నిలబడలేదు.

సరస్సు ఒడ్డున తడిసిన కాగితం

అక్కణ్ణించి ఆటో. పొలాలు అయిపోయి, తుమ్మచెట్లు అయిపోయి, ఒక్కసారి అంతా తెల్లటి నేల, దాని చివర నీళ్ళు. గాలికి ఉప్పు వాసన. దూరంగా పక్షులు బారులు తీరి ఉన్నాయి. వాటి గురించి పుస్తకాల్లో చాలామంది రాశారు, నేను వాటిని చూసే స్థితిలో లేను. ఆటో స్టాండు దగ్గర కాంతం నిలబడి ఉంది.

నెమలికంఠం రంగు జాకెట్టు, మోచేతి దాకా చెయ్యి, చెయ్యి అంచుకి సన్నటి పైపింగు. దర్జీదాన్ని కదా, మనిషి మొహం కంటే ముందు జాకెట్టే చూస్తాను. పైపింగు ఎక్కడా వంకర పోలేదు. నాకంటే రెండేళ్ళు పెద్దది, చూస్తే నాకంటే ఐదేళ్ళు చిన్నదిలా ఉంది. తల్లో కనకాంబరాలు. మా వైపు మొగుడు పోయిన ఆడది పూలు పెట్టుకుంటే ఊరు ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంది. ఆ మాటే అడిగాను. "మొదట్లో ఈడా అన్నారు మేయ్. సంతలో చేపలమ్మే ఆడదాని నోటికి ఎవరు ఎదురొస్తారు? రెండు రోజులు అని ఊరుకున్నారు" అంది.

అది మాత్రం నిజం. ఆ ఊళ్ళో చేపలు పట్టేది మగవాళ్ళు, అమ్మేది ఆడవాళ్ళు, డబ్బు ఉండేది ఆడవాళ్ళ బొడ్డు సంచిలో. ఒక మగాయన వచ్చి భార్యని బీడీకట్టకి డబ్బులడిగి, ఆమె లేదు పొమ్మంటే నోరెత్తకుండా వెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఈ సంగతి మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

పీతల పులుసు, రొయ్యల వేపుడు పెట్టింది. రొయ్యలు మా బజార్లో దొరికే గుంట రొయ్యలు కావు, సరస్సువి. రుచి చెబితే మీకూ కుళ్ళు పుడుతుంది కాబట్టి చెప్పను. గోడ మేకుకి ఆ కత్తెర వేలాడుతోంది. పిడికి గుడ్డ చుట్టింది. వలలు కత్తిరించడానికి వాడుతోందట. నాకు రావాల్సిన కత్తెర నైలాన్ తాళ్ళు కోస్తోంది. ముద్ద మింగుడు పడలేదు, అయినా మూడోసారి పులుసు వేయించుకున్నాను.

ఎండ తగ్గాక వంతు చోట్లు చూపిస్తానని పడవెక్కించింది. వెదురు గడతో ఆమే తోసింది. గుంజలు పాతి ఉన్న చోట్లు ఒక్కొక్కటీ చూపించింది. ఒడ్డుకి తిరిగొచ్చి దిగేటప్పుడు నేను పడవ అంచు మీద కాలు పెట్టాను. పడవ అటు పోయింది, నేను ఇటు పోయాను. మోకాలి లోతు నీళ్ళే గానీ బురద ముక్కు దాకా వచ్చింది. బ్యాగు కూడా నాతో పాటే మునిగింది.

కాంతం నన్ను లేపడం కంటే ముందు బ్యాగు లేపింది. ఇంటికి తీసుకెళ్ళి అందులో ఉన్నవన్నీ తీసి, ఎండు చేపలు ఆరబెట్టే వల మీద వరసగా పరిచింది. దువ్వెన, రుమాలు, మందుబిళ్ళలు, మా తమ్ముడి కాగితం. ఒక పక్క చిన్న చేపలు, వాటి మధ్య హక్కు విడుదల పత్రం. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె దాని ముందు గొంతుక్కూర్చుని చదువుతోంది.

చివరి దాకా చదివింది. తర్వాత ఒక చోట వేలు పెట్టింది. "ఈడ 'నా ఇష్టపూర్వకంగా' అని రాసుండారు. నీకు ఇష్టమేనా మేయ్?"

అది అందరికీ అట్లాగే రాస్తారన్నాను. ఆమె చేపలు తిరగేస్తూ కాగితాన్ని కూడా తిరగేసింది.

ఆదివారం, కుండ ముందు

నేను కాంతాన్ని అడగాలనుకున్నది ఒక్కటే. ఇదెలా జరిగింది? కోర్టుకి పోయావా, కలెక్టరుకి అర్జీ పెట్టావా? ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ అడిగాను. అదేమీ లేదు, మట్టి తీశానంది.

ఊరి నుంచి లోతు నీళ్ళకి పడవలు పోయే కాలవ ఒకటుంది. ఏటా ఇసుకతో పూడిపోతుంది. చీటీలకి ముందు ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి పోయి మట్టి తీయాలి. ఇంటికొక మనిషి. మనిషిని పంపిన ఇంటికే చీటీ. ఆ ఊరి కట్టుబాటు అంతే, ఎప్పట్నుంచో అంతే. మొగుడు పోయిన ఏడు కాంతం పార తీసుకుని పోయింది. మగవాళ్ళు నవ్వి ఇంటికి పొమ్మన్నారు. పోలేదు, సాయంత్రం దాకా తీసింది. చీటీ ఇవ్వలేదు. మరుసటేడు మళ్ళీ పోయింది. ఇవ్వలేదు. ఇట్లా ఐదేళ్ళు. ఈలోగా కుర్రాళ్ళు పోర్టుకనీ, చెన్నైకనీ పోవడం మొదలైంది. కాలవకి మనుషులు చాల్లేదు. మొగుళ్ళు ఊళ్ళో లేని ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చారు. పోయినేడు సగం మట్టి ఆడవాళ్ళే తీశారట. వాళ్ళ ఇళ్ళకి మొగుళ్ళ పేర్లతో చీటీలిచ్చారు. అప్పుడు కాంతం లేచి, వాళ్ళ మట్టి మట్టయితే నా మట్టి ఎట్టా కాకుండా పోయిందని అడిగింది. ఏడాది పాటు పెద్దలు ఆలోచించారు.

వలలు బాగుచేసే పాక కింద అందరూ చేరారు. చీటీలు కత్తిరించింది కూడా ఆ కత్తెరతోనే. మట్టికుండలో వేసి, గంగమ్మకి దండం పెట్టి, పోలయ్య అనే పెద్దాయన పేర్లు పిలిచాడు. పిలిచినవాళ్ళు వచ్చి ఒక చీటీ తీసుకుంటారు, అందులో వంతు అంకె ఉంటుంది. మగవాళ్ళు ముందు కూర్చున్నారు, ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు. అక్కడ మాత్రం మా ఊరూ ఆ ఊరూ ఒకటే. నాకు కొంచెం ఊరటగా అనిపించింది. ఆ ఊరట చూసి నాకే సిగ్గేసింది.

"కాంతమ్మ" అని పిలిచాడు పోలయ్య. ఫలానావాడి భార్య అని పిలవలేదు. ఆమె మగవాళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ పోయింది. ఒక ముసలాయన కాళ్ళు ముడుచుకోలేదు, ఆయన కాళ్ళు దాటకుండా చుట్టూ తిరిగి పోయింది. కుండలో చెయ్యి పెట్టింది. ఎక్కువసేపు వెతకలేదు.

చీటీ విప్పితే చిట్టచివరి అంకె. అందరికంటే ఆఖరి వంతు. మరుదులు పైకే నవ్వారు. నాకు మాత్రం, చెప్పుకోకూడదు గానీ, లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనం కాంతం మొహం చూసేదాకానే. ఆమె నవ్వుతోంది. చీటీని నాలుగు మడతలు పెట్టి బొడ్డు సంచిలో దోపుకుంది.

"చివరిది గదా" అన్నాను.

"చివరిదైతే ఏం? వరసలో ఉండాను" అంది.

ఆ మాటకి నాకు వచ్చినంత కుళ్ళు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మిక్సీకి రాలేదు, కత్తెరకి రాలేదు. ఆ పాకలో ఒక గుంజకి ఆనుకుని నిలబడ్డాను.

తర్వాత అందరికీ టీ పోశారు. పోలయ్య నా దగ్గరికొచ్చి ఏ ఊరని అడిగాడు. కోవూరన్నాను. పెన్న కింద మంచి పొలాలు కదా, మీకూ పంట కాలవలకి పూడిక ఉంటుంది కదా అన్నాడు. ఉండేదన్నాను. ఇప్పుడు జేసీబీ వచ్చి ఒక పూటలో తీసేస్తుంది. నా చిన్నప్పుడు మాత్రం మాకూ ఇదే పద్ధతి, కాలవ కింద పొలం ఉన్న ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి పోవాలి.

"మీ ఇంటి తరపున ఎవరు పోయినారమ్మా?" ఊరికే మాట వరసకి అడిగాడు ఆయన.

మా నాన్న అని చెప్పబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. మా నాన్న కాలి పుండుతో మంచాన పడిన రెండు ఎండాకాలాలు పోయింది నేను. నాకు పద్నాలుగేళ్ళు ఒకసారి, పదిహేనేళ్ళు ఒకసారి. పావడా ఎగ్గట్టి, మగవాళ్ళ మధ్య తట్ట మోశాను. సాయంత్రానికి అరచేతుల్లో బొబ్బలు. గట్టు మీద కూర్చుని నా కోసం ఏడ్చే ఆరేళ్ళ తమ్ముణ్ణి మధ్యమధ్య పోయి ఎత్తుకునేదాన్ని. రెండేళ్ళూ మా పొలానికి నీళ్ళు వచ్చాయి. మా అమ్మ ఆ రాత్రులు నా చేతులకి వెన్న రాస్తూ, మగపిల్లాడు తొందరగా పెద్దవాడైతే బాగుండునని వాపోయేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకిది గుర్తు రాలేదు. కాలవకి మిషను వచ్చాక మా ఊళ్ళో ఎవరికీ గుర్తు రావాల్సిన అవసరం లేకపోయింది.

"నేనే పోయినానయ్యా" అన్నాను.

పోలయ్య తలూపాడు. ఆయనకది పెద్ద విషయంగా తోచలేదు. "అయితే మా కట్టు ప్రకారం నీకూ చీటీ ఉండాది" అని, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కోవూరు

సోమవారం బయల్దేరుతుంటే కాంతం ఎండు రొయ్యలు కట్టిచ్చింది. కత్తెర ఇస్తుందేమోనని చివరి దాకా ఆశపడ్డాను, ఇవ్వలేదు. కాగితం ఆరిపోయింది. ముడతలు పడి, అంచులకి ఉప్పు పొడి అంటుకుని, అచ్చం ఎండు చేపల వాసన వేస్తోంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ ముక్కు మూసుకుని వేరే సీటుకి పోయింది. కిటికీ దగ్గరి సీటు నాకే దక్కింది.

మంగళవారం సాయంత్రం తమ్ముడూ స్వర్ణా వచ్చారు. చీర ముందే తెచ్చారు. మామిడిపిందె అంచు, మంచి చీరే. దాంతో జాకెట్టు గుడ్డ కూడా ఉంది. నేను బ్యాగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. తమ్ముడు వాసనకి మొహం వెనక్కి తీసుకున్నాడు.

"నాన్న కాలికి పుండు లేచినప్పుడు కాలవ పూడికకి మనింటి నుంచి ఎవరు పోయినార్రా?" అని అడిగాను.

వాడికి గుర్తుందో లేదో అనుకున్నాను. వాడు నా చేతుల వంక చూశాడు. "నువ్వే గదక్కా" అన్నాడు. కాగితం నా వైపు జరిపి, "దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు.

నేను సంతకం పెట్టనని చెప్పాను. నా భాగం నాకు కావాలన్నాను. నేను ఎత్తి పెంచిన పిల్లాడు వాడు. వాడికి కోపం రాలేదు, వస్తే తేలిగ్గా ఉండేది. అట్లాగేలే అక్కా అని లేచాడు. చీర తీసుకోవాలో వదిలేయాలో తెలియక కాసేపు నిలబడి, వదిలేసి బయటికి నడిచాడు. ఇకమీదట వాడు ఫోన్ చేస్తాడో లేదో నాకు తెలియదు. ఇది రాసే సమయానికి ఇంకా చేయలేదు. చీర బీరువాలో అట్లాగే ఉంది.

స్వర్ణ మాత్రం వెంటనే పోలేదు. బల్ల మీది కాగితం వంక చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మొన్న ఆదివారం పాక కింద గుంజకి ఆనుకుని నేను చూసిన చూపే అది. పోయినేడు తను పెట్టి వచ్చిన సంతకం ఆ చూపులో ఉంది.

బయట తమ్ముడు బండి స్టార్ట్ చేసి రెండుసార్లు హారన్ కొట్టాడు. స్వర్ణ కదల్లేదు. కాగితం చేతిలోకి తీసుకుని వాసన చూసింది, మొహం తిప్పుకోలేదు.

"ఆ ఊరికి బస్సు యాడ ఎక్కాల వదినా?" అని అడిగింది.